హినా కొలువులో కింది రెండు మెట్లు: పెళ్ళికూతురి సామాను ఎలా సర్దాలి

మా అమ్మాయికి మూడేళ్ళున్నప్పుడు, టోక్యోలో మా పక్కింటి పెద్దావిడ ఐదు అట్టపెట్టెలు తెచ్చి మా గుమ్మంలో పెట్టారు. వాళ్ళమ్మాయి చిన్నప్పటి హినా బొమ్మలట, జపాన్‌లో ఆడపిల్లల పండుగకి మెట్ల మీద కొలువు పెట్టే రాజసభ బొమ్మలు. ఆ అమ్మాయికి పెళ్ళయిపోయింది, ఉండేది చిన్న అపార్ట్‌మెంట్, ఏడు మెట్ల కొలువు పట్టే చోటు లేదు. "మీ పాప కోసం పెట్టండి" అన్నారు.

బొమ్మల కొలువు పెట్టడం నాకేం కొత్త కాదు కదా అన్న ధీమాతో ఆ ఏడాది నాకు తోచినట్టు సర్దేశాను. రాజుగారు, రాణిగారు పైన, మిగతావాళ్ళు కింద. మరీ కింద మిగిలిన బుల్లి బుల్లి నల్ల సామానంతా ఖాళీ ఉన్నచోటల్లా ఇరికించాను. ఆవిడ చూడటానికి వచ్చారు. బాగుంది, బాగుంది అంటూనే వంగి, పల్లకి పక్కన నేను పెట్టిన కుంపటిని రెండు వేళ్ళతో ఎత్తి పై మెట్టు మీద పెట్టారు. "ఇది ఇంట్లోది. అది దారిలోది" అన్నారు.

కింది రెండు మెట్లకి కీలకం ఆ రెండు ముక్కల్లోనే ఉంది. వీటి మీద ఉండే వస్తువుల్ని జపాన్‌లో హినాదోగు అంటారు. అవి ఆటబొమ్మల్లా కనిపిస్తాయి గానీ నిజానికి పెద్దింటి పిల్ల అత్తారింటికి తీసుకెళ్ళే సామానుకి నకళ్ళు. ఆరో మెట్టు మీద ఇంట్లో వాడుకునేవి, ఏడో మెట్టు మీద దారిలో వాడుకునేవి. మా అమ్మ వీడియో కాల్‌లో చూసి ఒక్క క్షణంలో పట్టేసింది. "ఏమే, ఇది సారె కదే! భోషాణం కూడా ఉందే!" అంది.

ఇంటర్నెట్‌లో దొరికే సలహాలన్నీ పైన కూర్చున్న జంట గురించే ఉంటాయి. నేను మాత్రం పై మెట్లు గబగబా చెప్పేసి కింద ఆగుతాను.

ఎప్పుడు, ఎక్కడ

పండుగ మార్చి 3న. హినామత్సూరి అంటారు, పీచ్ పూల పండుగ అని కూడా అంటారు. ఫిబ్రవరి 3 ప్రాంతంలో సెత్సుబున్, అంటే చలికాలానికి వీడ్కోలు చెప్పే రోజు, అయిపోయాక ఎప్పుడైనా కొలువు పెట్టొచ్చు. ఫిబ్రవరి నడిమికల్లా అయిపోతే మంచిది. మార్చి 2 సాయంత్రం హడావుడిగా పెట్టడాన్ని ఒక్క రాత్రి కొలువు అంటారు, అది ఇక్కడివాళ్ళకి అస్సలు నచ్చదు. అయినా ఏడు మెట్ల సెట్టు ఒక్కరే సర్దాలంటే మూడు నాలుగు గంటలు పడుతుంది. ఎండ ఉన్న రోజు, గాలిలో తేమ లేని రోజు చూసుకోండి.

చోటు ముందే కొలుచుకోండి. సెట్టుని బట్టి మారుతుంది గానీ, వెడల్పు మూడు నాలుగడుగులు, లోతు ఐదడుగులు, ఎత్తు ఆరడుగుల దాకా లెక్క వేసుకోవచ్చు. ఎండ నేరుగా పడే కిటికీ పక్కన వద్దు, రంగులు వెలిసిపోతాయి. హీటర్ గాలి తగిలేచోట అసలే వద్దు. చలికాలంలో ఆ వేడిగాలికి చెక్క ఎండి, పైన పూసిన లక్క బీటలిస్తుంది.

చేతులు కడుక్కుని బాగా తుడుచుకుని, పల్చటి నూలు గ్లవ్స్ వేసుకోండి. బొమ్మల మొహాలకి ఆల్చిప్పల పొడితో చేసిన తెల్లపూత ఉంటుంది. చేతి జిడ్డు అంటితే మరక పోదు. నల్ల సామాను మీద వేలిముద్రలు పడితే దీపం వెలుగులో ఇంకా బాగా కనిపిస్తాయి. పెట్టె తెరిచి ఏదైనా బయటికి తీసేముందు ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఏ కాగితం దేనికి చుట్టారో, ఏది ఏ మూల ఉందో నెల తర్వాత గుర్తుండదు.

పై ఐదు మెట్లు

చట్రం బిగించి, ఎర్రగుడ్డ పైనుంచి కిందికి పరిచి, ప్రతి మెట్టు మూలలోనూ వేళ్ళతో నొక్కి క్లిప్పులు పెట్టండి. బొమ్మల్ని ఎప్పుడూ పై మెట్టు నుంచే మొదలుపెట్టాలి. కింద సర్దేసి పైకి చెయ్యి చాపితే చొక్కా చెయ్యి తగిలి ఏదో ఒకటి దొర్లుతుంది.

ఇక్కడ నేను ఎడమ, కుడి అన్నప్పుడల్లా ఎదురుగా నిలబడి చూసేవాళ్ళకి అని అర్థం. జపాన్ వాళ్ళ పేర్లలో మాత్రం రాజుగారు కూర్చున్న వైపు నుంచి లెక్క. అందుకే 'ఎడమ మంత్రి' మనకి కుడివైపు కనిపిస్తాడు. దీంతోనే సగం మంది తికమకపడతారు.

మొదటి మెట్టు: వెనక బంగారు మడత తెర, ముందు జంట, అటూ ఇటూ దీపాలు. టోక్యో వైపు రాజుగారు ఎడమ, రాణిగారు కుడి. క్యోటో పాత పద్ధతిలో ఇది తిరగబడుతుంది. రెండూ సరైనవే, మీ సెట్టు ఎక్కడిదో దాన్ని బట్టి పెట్టుకోండి.

రెండో మెట్టు: సాకే మద్యం వడ్డించే ముగ్గురు పరిచారికలు. మధ్యలో ఉన్నావిడకి కనుబొమలు ఉండవు, పళ్ళు నల్లగా ఉంటాయి. బొమ్మ పాడైందనుకోకండి. ఆ రోజుల్లో పెళ్ళయిన స్త్రీ గుర్తు అది. పొడుగు కాడ పాత్ర పట్టుకున్నావిడ కుడివైపు.

మూడో మెట్టు: ఐదుగురు వాద్యగాళ్ళు. ఎడమ నుంచి కుడికి చప్పుడు తగ్గుతూ పోతుందని గుర్తుపెట్టుకోండి. కర్రలతో వాయించే డప్పు, పెద్ద చేతిడప్పు, చిన్న చేతిడప్పు, వేణువు, చివర వాద్యమేమీ లేకుండా విసనకర్రతో పాటగాడు.

నాలుగో మెట్టు: ఇద్దరు మంత్రులు. తెల్లగడ్డం పెద్దాయన కుడి, కుర్రవాడు ఎడమ. మధ్యలో భోజనం బల్లలు, డైమండ్ ఆకారం మోచీలు, అంటే బియ్యపు ముద్దలు.

ఐదో మెట్టు: ముగ్గురు నౌకర్లు. ఒకడు ఏడుస్తూ, ఒకడు నవ్వుతూ, ఒకడు కోపంగా. పాప ముందు చూసేది వీళ్ళనే. మెట్టుకి కుడి చివర చెర్రీ చెట్టు, ఎడమ చివర నారింజ జాతి తాచిబానా చెట్టు.

ఇక్కడిదాకా ఉన్నదంతా క్యోటో రాజసభ. వేషాలన్నీ వెయ్యేళ్ళ కిందటి కొలువువి. ఇంకొక్క మెట్టు దిగితే కాలం మారిపోతుంది. కింద ఉండే పెట్టెలు, అద్దాలు, కుంపట్లు చాలావరకు ఎదో కాలం (1603-1868, ఎదో అంటే టోక్యో పాత పేరు) నాటి సమురాయ్ దొరల ఇళ్ళలోవి. రాజుగారి పెళ్ళికి దొరల ఇంటి సారె పంపినట్టన్నమాట. ఈ అతుకు తెలిశాక నాకు కొలువు ఇంకా ఇష్టమైంది.

ఆరో మెట్టు: ఇంట్లోవి

ముందు సామానంతా ఒక తెల్లటి తువ్వాలు మీద పరిచి లెక్క చూసుకోండి. నేరుగా మెట్టు మీద పెట్టుకుంటూ పోతే చివర ఏదో ఒకటి మిగిలిపోయి, దాని చోటు వెతుక్కోవాల్సి వస్తుంది. మామూలుగా ఎడమ నుంచి ఈ వరసలో పెడతారు.

మొదట తాన్సు, అంటే బట్టల బీరువా. అరచేతి ఎత్తు ఉంటుంది. మంచి సెట్లలో సొరుగులు నిజంగా బయటికి వస్తాయి. గోటితో లాగకండి. కమ్మీ అంటించి ఉంటుంది, ఊడి వస్తుంది. పెట్టెని కాస్త ముందుకి వంచితే సొరుగు దానంతట అదే జారుతుంది. మాకొచ్చిన తాన్సులో మూడో సొరుగు తెరిస్తే, మడతపెట్టిన ఎర్ర పట్టుగుడ్డ ముక్క ఉంది, పోస్టల్ స్టాంపంత. పక్కింటావిడ వాళ్ళమ్మాయి ఎప్పుడో దాచుకుంది కాబోలు. అది ఇప్పటికీ అందులోనే ఉంది.

తర్వాత హసామిబాకో. కర్రకి తగిలించి నౌకరు భుజం మీద మోసే బట్టల పెట్టె. దాని పక్కన నగామోచి, మా అమ్మ భోషాణం అన్నది దీన్నే. పరుపులూ బట్టలూ పెట్టి, పొడుగునా దూలం దూర్చి ఇద్దరు మోసుకెళ్ళే పొడుగాటి పెట్టె. ఈ రెండూ ప్రయాణంలో మోసేవే కదా, ఆరో మెట్టు మీద ఎందుకు అని నేనూ అడిగాను. మోసుకొచ్చినా, వచ్చాక ఇంట్లో ఉండిపోయేవి అవి. పల్లకి అలా కాదు, మళ్ళీ బయటికి వెళ్ళేది. నాకు తృప్తినిచ్చిన జవాబు ఇదే.

నగామోచి దూలాన్ని మెట్టు అంచుకి సమాంతరంగా ఉంచండి, ముందుకి పొడుచుకు రానీయకండి. వీటికి కట్టిన ఎర్ర కుచ్చుతాళ్ళు నలిగి ఉంటే ఇస్త్రీ పెట్టకండి. టీ కెటిల్ ఆవిరి ఒక్క క్షణం దూరం నుంచి చూపించి, వేళ్ళతో దువ్వితే చాలు. ఆవిరి తాడుకే తగలాలి, లక్క పెట్టెకి తగలకూడదు. అందుకని తాడు విప్పదీసి చేయండి. ముడి ఎలా ఉందో ముందు ఫోటో తీసుకోవడం మర్చిపోవద్దు.

తర్వాత క్యోదాయ్, సొరుగుల పెట్టె మీద నిలబెట్టిన అద్దం. దాన్ని కాస్త పైకి చూసేలా వంచితే గదిలో పైనున్న దీపం వెలుగు అందులో పడి ఆ మూల వెలుగొస్తుంది. నేరుగా నిలబెడితే మీ మోకాళ్ళు కనిపిస్తాయి. పక్కన హారిబాకో, కుట్టుపెట్టె. చాలా సెట్లలో దానికి ఒక నిలువు కొయ్య ఉంటుంది, గుడ్డ బిగించి కుట్టుకోవడానికి వాడేది. అది విడిగా వస్తుంది గనక పెట్టెలో అడుగున పడిపోయి ఉంటుంది, వెతకండి. ఆ తర్వాత హిబాచి, మన కుంపటే. కొన్ని సెట్లలో రెండు ఉంటాయి, అప్పుడు జంటగా పక్కపక్కనే.

కుడి చివర దాయ్సు, టీ కాచుకునే సామాను పెట్టుకునే అర. ప్రాణం తీసేది ఇదే. నీళ్ళ పాత్ర, కెటిల్, కింద చిన్న పొయ్యి, గరిటె పెట్టుకునే కూజా, అందులో అగ్గిపుల్లంత గరిటె. వేళ్ళతో కాదు, మొన చదునుగా ఉన్న ట్వీజర్‌తో పెట్టండి. దాయ్సుని మెట్టు మీద పెట్టేశాక లోపల సర్దకండి. బల్ల మీదే మొత్తం సర్ది, ఒక్కో పాత్ర అడుగున మ్యూజియం వాళ్ళు వాడే లాంటి మైనపు ముద్ద ఆవగింజంత పెట్టి, అప్పుడు మొత్తంగా ఎత్తి తీసుకెళ్ళండి. జపాన్‌లో ఈ మైనం అలంకారం కోసం కాదు. చిన్న భూకంపం వచ్చినా ముందు పడేది కెటిలే.

వస్తువుకీ వస్తువుకీ మధ్య వేలెడు ఖాళీ ఉండాలి. అన్నీ ముందు అంచుకి ఒకే గీతలో పెడితే దుకాణంలా ఉంటుంది. ఎత్తైనవి, అంటే తాన్సు, అద్దం, దాయ్సు, ఒక అంగుళం వెనక్కి, పొట్టివి ముందుకి జరపండి. ఇది సంప్రదాయం కాదు, నా సొంత అలవాటు.

సామాను మీద బంగారు తీగల ముగ్గు చూశారా? నల్ల లక్క మీద బంగారు పొడి చల్లి వేసే పనిని మకియే అంటారు. ఇప్పటి సెట్లలో ఎక్కువగా ప్లాస్టిక్ మీద ప్రింటే ఉంటుంది, అందులో తప్పేం లేదు. అసలు పని ఎలా ఉంటుందో చూడాలంటే నగోయాలో తోకుగావా ఆర్ట్ మ్యూజియం ఉంది. మూడో షోగున్ (అప్పటి సైనిక పాలకుడు) ఇయెమిత్సు కూతురు చియోహిమేని 1639లో ఒవారి దొరల ఇంటికి ఇచ్చినప్పటి అసలు పెళ్ళి సామాను, బొమ్మది కాదు, నిలువెత్తుది, అక్కడ ఉంది. హత్సునే సామాను అంటారు, దేశ సంపదగా గుర్తించారు. ఆ పెళ్ళికూతురికి అప్పటికి వాళ్ళ లెక్కలో మూడేళ్ళు. ఆ అరల ముందు నిలబడితే, మా ఇంటి తాన్సు ఎవరి పెట్టెకి నకలో అర్థమైంది.

బొమ్మల మీద డాబు ఎంత పెరిగిందంటే ప్రభుత్వం అడ్డుపడాల్సి వచ్చింది. 1721లో ఎనిమిది సున్‌లు, అంటే సుమారు 24 సెంటీమీటర్లు దాటిన హినా బొమ్మలు కూడదని ఆంక్ష పెట్టారు. తర్వాత్తర్వాత పనివాళ్ళు అటు తిరిగి వేలెడంత బొమ్మలు, గోరంత సామాను చేసి అమ్మడం మొదలుపెట్టారు. ఎదోలో ఉఎనో చెరువు ఒడ్డున నానాసావాయా అనే దుకాణం ఈ బుల్లి సామానుకే పేరుపడింది. పెద్దవి వద్దంటే చిన్నవి ఇంకా ఖరీదయ్యాయి, అంతే.

ఏడో మెట్టు: దారిలోవి

ఇక్కడ మూడే వస్తువులు. ఎడమన ఒకాగో, పెళ్ళికూతురి పల్లకి. మధ్యలో జూబాకో, ఒకదాని మీద ఒకటి పేర్చే తిండి పెట్టెలు. మన క్యారేజీ గిన్నెలే, కాకపోతే చతురస్రం. కుడివైపు గోషోగురుమా, గూడు బండి. దీన్ని లాగేది ఎద్దే గానీ చాలా సెట్లలో ఎద్దు ఉండదు. మీ సెట్టులో పోయిందని వెతుక్కోకండి.

పల్లకి తలుపు పక్కకి జరిగేదైతే సగం తెరిచి ఉంచండి, లోపలి రంగులు కనిపిస్తాయి. బండి చక్రాలు పెద్దవి, చాలాసార్లు ఇరుసుకి వదులుగా ఉంటాయి. ఒక చక్రం వెనక మడిచిన ఎర్ర కాగితం ముక్క పెడితే దొర్లదు. మొదటి ఏడాది నేను పెట్టలేదు. మా అమ్మాయి పక్కన గెంతిన గెంతుకి బండి దానంతట అదే బయల్దేరి కిందపడి, కాడి విరిగింది. లక్క అతుక్కోవాలంటే సూపర్ గ్లూ వాడకండి, చుట్టూ తెల్లటి పొగ మరక వస్తుంది. చెక్కకి వాడే తెల్ల జిగురు చాలు, దారంతో కట్టి ఒక రాత్రి వదిలేయండి. బండి కాడి మెట్టు మధ్యకి తిరిగి ఉండేలా పెట్టుకుంటే ఎవరి కాలికీ, గౌనుకీ తగలదు.

జూబాకో మూత తీసి చూడండి. మేం అందులో నాలుగు హినా అరారే వేస్తాం, గులాబీ, తెలుపు, ఆకుపచ్చ రంగుల్లో ఉండే బియ్యపు బొరుగులు. మార్చి 3 సాయంత్రం దాన్ని తెరవడం పాప పని. తర్వాత తడిలేని గుడ్డతో తుడిచేయాలి, లేకపోతే ఏడాదికి చీమలో పురుగులో చేరతాయి.

చోటు లేనివాళ్ళకి, వస్తువు పోయినవాళ్ళకి

చాలామంది చోటు లేదని పై జంటని మాత్రం పెట్టి మిగతాది ఎత్తేస్తారు. దుకాణాల్లో కూడా అలాంటివే ఎక్కువ అమ్ముడుపోతున్నాయి. నన్నడిగితే, వాద్యగాళ్ళని పెట్టెలోనే పడుకోనివ్వండి గానీ తాన్సు, నగామోచి, పల్లకి ఈ మూడూ బయటికి తీయండి. ఇద్దరు మనుషులు తెర ముందు కూర్చుంటే అది ఫోటో. పక్కన భోషాణం ఉంటేనే పెళ్ళి.

పాత సెట్టు కొనేటప్పుడు బొమ్మల మొహాలు చూసి మురిసిపోయి సామాను లెక్క చూడటం మర్చిపోతారు. రీసైకిల్ షాపుల్లో ఆరు, ఏడు మెట్ల వస్తువులు విడిగా కూడా దొరుకుతాయి. షిజుఓకా ఈ సామానుకి పేరున్న చోటు. అక్కడి గుళ్ళు కట్టడానికి వచ్చిన వడ్రంగులు, లక్కపనివాళ్ళు స్థిరపడి ఈ పని పెంచారంటారు. కొనేముందు కొలత చూసుకోండి. పొడుగు రెండు సెంటీమీటర్లు తేడా వచ్చినా కొత్త తాన్సు పాత నగామోచి పక్కన బండరాయిలా ఉంటుంది.

మీకు వీలైతే ఒక వస్తువు అదనంగా చేర్చండి. కాయ్ఓకే, ఆల్చిప్పల డబ్బాల జత. ఎనిమిది పలకల డబ్బాల్లో 360 ఆల్చిప్పలు ఉండేవి, రెండు చిప్పలూ విడదీసి. ఒక చిప్ప దాని జతకి తప్ప మరే చిప్పకీ సరిగ్గా అతకదు, అందుకని దాన్ని దాంపత్యానికి గుర్తుగా పెట్టుకున్నారు. దొరల ఇంటి పెళ్ళి ఊరేగింపులో అన్నిటికన్నా గౌరవం దీనికే, అత్తవారికి అప్పగించే తంతు కూడా ఉండేది. మామూలు ఏడు మెట్ల సెట్టులో ఇది రాదు. మార్చి 3న ఇళ్ళలో హమాగురి ఆల్చిప్పల సూప్ చేస్తారు కదా, తిన్నాక రెండు చిప్పలు ఉడికించి కడిగి ఎండబెట్టి, లోపల మీ పాపతో బొమ్మ వేయించి పల్లకి పక్కన పెట్టండి. మాది అలాంటిదే.

ఏటికొప్పాక లక్కపిడతలు ఇందులో కలపొచ్చా అని ఒక స్నేహితురాలు అడిగింది. ఆ ఎర్రా పసుపూ ఈ నలుపూ బంగారం పక్కన గొడవపడతాయి. అవి మన సంక్రాంతి కొలువుకే ఉంచండి. హినా కొలువు పక్కన వేరే పీట మీద పెడితే మాత్రం ముచ్చటగా ఉంటాయి, వచ్చినవాళ్ళు కూడా అడిగి తెలుసుకుంటారు.

తీసి దాచడం

మార్చి 3 దాటాక ఆలస్యం చేస్తే అమ్మాయికి పెళ్ళి ఆలస్యమవుతుందని ఇక్కడ పెద్దవాళ్ళు అంటారు. నాకు ఆ టెన్షన్ లేదు గానీ, వానల కాలం వచ్చేలోగా తీయడం మాత్రం అవసరమే. వానపడే రోజు తీయకండి, తేమ కూడా పెట్టెలోకి వెళ్ళి కూర్చుంటుంది. ఎండ రోజు వచ్చేదాకా వారం ఆగినా పర్వాలేదు. ఆలోగా బొమ్మల్ని వెనక్కి తిప్పి ఉంచి, వెళ్ళిపోయారని చెప్పే ఇళ్ళు కూడా ఉన్నాయి.

ఈసారి కింది నుంచి పైకి. సామాను మీద దుమ్ముని మెత్తటి బ్రష్‌తో దులిపి, మైనం గోటితో కాకుండా దారంతో తెంపి తీసేయండి. తడిగుడ్డ, పాలిష్ ఏవీ వద్దు. తెల్లటి పల్చటి కాగితంలో చుట్టండి. న్యూస్ పేపర్ నేరుగా చుడితే సిరా అంటుకుంటుంది. సొరుగులు, తలుపులు విడిగా కాగితం ముక్కతో బిగించండి.

పురుగుల మందు ఒక్క రకమే వాడండి. నాఫ్తలీన్ ఉండలతో కర్పూరమో, ఇంకో మందో కలిస్తే అవి కరిగి మరకలు పడతాయి. కొన్ని మందులు ప్లాస్టిక్ సామానుని మెత్తబరుస్తాయి, బంగారు దారాన్ని నల్లబరుస్తాయి. హినా బొమ్మల కోసమని రాసి ఉన్నది కొని, వస్తువుకి తగలకుండా పెట్టె మూలల్లో వేయండి. పెట్టె అలమరలో పై అరలో ఉంచండి, కింద తేమ ఎక్కువ. అక్టోబర్‌లో ఒక పొడి రోజు చూసి మూతలు తెరిచి గాలి తగలనిస్తే సరిపోతుంది.

చివరి పెట్టె మూసేముందు దాయ్సు గరిటె ఉందో లేదో చూసుకోండి. మాకు అది గడిచిన రెండేళ్ళూ వాక్యూమ్ క్లీనర్ సంచిలోనే దొరికింది.